చరోదాలో ఆవగింజంత ఈల

భిలాయ్‌కి జనం ఉద్యోగానికి వెళ్తారు, పెళ్లికి వెళ్తారు, రిటైరైన చుట్టాన్ని చూడ్డానికి వెళ్తారు. నేను అయిదంగుళాల జపాన్ రైలు పెట్టెకి ఈల బిగించడం నేర్చుకోవడానికి వెళ్లాను. రాజమండ్రిలో మా ల్యాబులో ఈ మాట చెబితే, పక్క బల్ల ఆవిడ కాసేపు ఆలోచించి, "అక్కడ ఎండలు ఎక్కువట, జాగ్రత్త" అని మాత్రం అంది.

నేను పళ్ల ల్యాబులో పని చేస్తాను. డాక్టర్లు పంపిన అచ్చుల మీద కట్టుడు పళ్లు, తొడుగులు తయారు చేస్తాను. కొన్నేళ్ల కిందట జపాన్ వాళ్ల చిన్న రైళ్ల పిచ్చి పట్టుకుంది. అసలు రైలులో నూట యాభయ్యో వంతు ఉంటాయవి. పెట్టె కొంటే దాంతోపాటు ఒక చిన్న కవరు వస్తుంది. పైకప్పు మీద ఉండే ఈల, రేడియో యాంటెన్నా, తలుపు పక్క పట్టుకునే కమ్మీలు, పెట్టె నంబర్ల కాగితం అందులో ఉంటాయి. వాటిని కొన్నవాళ్లే బిగించుకోవాలి. చాలామంది ఆ కవరు విప్పరు. నేను విప్పి ఒక పెట్టె పాడు చేశాను. గట్టి జిగురు వాడేసరికి దాని ఆవిరికి కిటికీలన్నీ తెల్లగా మసకబారిపోయాయి.

ఆ ఫొటో చిన్న రైళ్లవాళ్ల గ్రూపులో పెడితే, చరోదా నుంచి పైడిరాజు గారనే ఆయన ఫోన్ చేశారు. భిలాయ్ పక్కనే ఉన్న రైల్వే యార్డులో వ్యాగన్ల ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. సొంతూరు చీపురుపల్లి దగ్గర. ఆయన బిగించిన పెట్టెల ఫొటోలు అంతకుముందే చూసి ఉన్నాను. అసలు రైలుకీ వాటికీ తేడా తెలిసేది కాదు. నేను ఒకదాని తర్వాత ఒకటి ప్రశ్నలు అడుగుతుంటే ఆయన మధ్యలో ఆపారు.

"ఫోన్లో సెప్తే రాదమ్మా. చేతి పని చేతి పక్కన కూకుంటేనే వస్తాది. నాలుగు రోజులు సెలవెట్టి రా. మా ఇంట్లోనే ఉందువు గాని."

వెళ్లాను.

భిలాయ్-3

విశాఖలో బండి మారి, రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్ దాటి, భిలాయ్-3 అనే చిన్న స్టేషన్‌లో దిగాను. ఏప్రిల్ నెల. మా ఊళ్లో ఈ నెలలో చెమట ఒంటికి అంటుకుని ఉంటుంది. ఇక్కడ చెమట పట్టడం కూడా తెలియదు, పట్టిన వెంటనే ఆరిపోతుంది. పెదవులు మాత్రం పగులుతాయి.

ఆటో అతనితో నాకొచ్చిన హిందీలో కుస్తీ పడుతుంటే, అతను కొంతసేపు విని, "మీది ఏ ఊరమ్మా?" అన్నాడు. వాళ్ల తాత బొబ్బిలి నుంచి ఇక్కడి ఉక్కు ప్లాంటు కట్టేటప్పుడు వచ్చాడట. తెలుగు మాట్లాడతాడు గాని అంకెలు మాత్రం హిందీలోనే చెప్పాడు. "పచాస్ ఇవ్వండమ్మా" అన్నాడు. యాభై ఇచ్చాను. ఆ నాలుగు రోజుల్లో చాలామంది దగ్గర ఈ సంగతి గమనించాను. ఏడుపు, తిట్లు, వంటలు తెలుగులో ఉంటాయి. లెక్కలు, చదువు, పోట్లాట హిందీలో ఉంటాయి.

చరోదా, మొదటి రోజు

పైడిరాజు గారి ఇల్లు రైల్వే కాలనీని ఆనుకుని ఉంది. రోజంతా యార్డులో పెట్టెలు ఒకదానికొకటి తగిలే చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉన్నారు. ఆయన భార్య పార్వతమ్మ గారు నన్ను చూడగానే, ముందు స్నానం, తర్వాత అన్నం, ఆ తర్వాతే రైళ్లు అని తేల్చేశారు. అన్నంలోకి చేమదుంపల పులుసు మన పద్ధతిలోనే ఉంది. పక్కన ఎర్ర తోటకూర వేపుడు పెట్టారు. లాల్ భాజీ అంటారట. మా ఇంట్లో తోటకూరలో పప్పు వెయ్యకపోతే ఎవరూ ముట్టరు. ఇక్కడ వెల్లుల్లి, ఎండుమిర్చి తప్ప ఇంకేమీ వెయ్యలేదు. రెండోసారి అడిగి వేయించుకున్నాను.

పని బల్ల కిటికీ పక్కన ఉంది. దాని మీద నాలుగు పెట్టెలు వరసగా పెట్టి ఉన్నాయి. పైన మీగడ రంగు, కింద ఎరుపు. అందులో ఒకటి డ్రైవరు గది ఉన్న ముఖం పెట్టె. ఫొటోల్లో నేను చూసింది ఎనిమిది పెట్టెల రైలు, రెండు చివరలా రెండు ముఖాలున్నది. మిగతా నాలుగూ ఏవని అడిగాను.

"ఇంకోకాడున్నాయి" అన్నారాయన, అంతే. పెట్టెలకి నంబర్లు కూడా లేవు.

పని మొదలెట్టే ముందు ఆయన లేచి గదిలో కూలరు కట్టేశారు. ఆ గాలికి ఆవగింజంత ఈల గోడకి కొట్టుకుని మాయమవుతుందట. ప్లాస్టిక్ చట్రం నుంచి పార్టు కత్తిరించేటప్పుడు రెండు చేతులూ ఒక పెద్ద పారదర్శకపు సంచిలో పెట్టి కత్తిరించాలి. ఎగిరితే సంచిలోనే పడుతుంది. నేను ల్యాబులో పాతికేళ్లు పనిచేసినదాన్ని, నాకెందుకు సంచి అనుకున్నాను. మొదటి యాంటెన్నా కత్తిరించగానే ఎగిరిపోయింది. అరగంటసేపు నేలంతా టార్చి వేసి వెతికాం. పార్వతమ్మ గారు చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఊడవమంటారా వద్దా అని అడుగుతున్నారు. చివరికి అది నా మోచేతికి అంటుకుని ఉంది. పొడి గాలికి ప్లాస్టిక్ అలా ఒంటికి పట్టుకుంటుందని పైడిరాజు గారు చెప్పారు. ఆ తర్వాత సంచి లేకుండా నేను కత్తెర ముట్టలేదు.

రెండో రోజు, ఈల

పొద్దున్నే కాలనీ మూల మీద బండి దగ్గర పోహా తిన్నాం. మన అటుకుల ఉప్మాయే. దాని మీద సేవ్ అనే సన్న కారప్పూస, పచ్చి ఉల్లిపాయ చల్లి, పక్కన వేడి జిలేబీ పెట్టి ఇస్తాడు. ప్లేటు ముప్పై రూపాయలు. తీపీ కారం ఒకే ప్లేటులో, పొద్దున్నే ఏడింటికి. మొదట వింతగా అనిపించింది, ఆఖరి రోజుకి నేనే అడిగాను.

ఆ పూట పైడిరాజు గారు నాకు చిల్లు వెయ్యడం నేర్పారు. పైకప్పుకి లోపలి వైపు చిన్న గుంటలు ఉంటాయి. అక్కడ అర మిల్లీమీటరు సూది బిగించిన చేతి డ్రిల్లు ఆనించి, వేళ్లతో తిప్పాలి. నేను ఊపిరి బిగబట్టి నొక్కుతున్నాను.

"తొయ్యక్కర్లేదమ్మా" అన్నారాయన. "తిప్పితే సాలు. అదే దిగుద్ది."

తిప్పాను. దిగింది. నేను తెచ్చుకున్న పెట్టెకి యాంటెన్నా నిలబడింది. కిటికీలని మసకబార్చని రబ్బరు జిగురు అగ్గిపుల్ల మొనతో అద్దాను, దాని అంచు కూడా కనబడలేదు. నాకు చాలా సంతోషం వేసింది.

అప్పుడాయన తన ముఖం పెట్టె తీసి, ఈల ఎలా పెట్టాలో చూపిస్తానన్నారు. పట్టకారుతో ఈల ఎత్తారు. చిల్లు దగ్గరికి తెచ్చేసరికి చెయ్యి వణికింది. ఈల పడిపోయింది. మళ్లీ ఎత్తారు. ఈసారి వణుకు మణికట్టు నుంచి మొదలైంది, ఈల చిల్లు చుట్టూ తిరుగుతోంది గాని దిగడం లేదు. అంతకు ముందు ఆయన నాకు మాటలతోనే నేర్పారు, డ్రిల్లు పట్టలేదని నాకప్పుడు అర్థమైంది. మూడోసారి పడిపోతుందనగా నేను చెయ్యి చాచాను.

"ఇలా ఇవ్వండి బాబాయ్ గారూ, నేను పెట్టేస్తాను" అన్నాను. అనడమే కాదు, పట్టకారు ఆయన వేళ్లలోంచి తీసుకున్నాను కూడా. ఒక్క క్షణంలో ఈల చిల్లులో కూర్చోబెట్టాను. నా పనే అలాంటిది మరి.

ఆయన పెట్టె వైపు చూశారు. లేచి, చెప్పులు వేసుకుని, యార్డు వైపు వెళ్లిపోయారు.

మధ్యాహ్నం భోజనానికి కూడా రాలేదు. నేను కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే పార్వతమ్మ గారు సంగతి చెప్పారు. ఆ రైలు ఆయన ఒక్కరిదీ కాదు. సింహాచలం గారని ప్లాంటులో రైలు పట్టాలు తయారయ్యే చోట పనిచేసి రిటైరైన స్నేహితుడు ఉన్నారు. ఇద్దరూ కలిసి కొనుక్కున్నారు. సింహాచలం గారి అల్లుడు ఓడల్లో పనిచేస్తాడు, అతనే జపాన్ రేవులో దిగినప్పుడు తెచ్చిపెట్టాడు. రెండేళ్ల కిందట వైశాలి నగర్‌లో ఒక హాల్లో తెలుగువాళ్ల పిల్లలకి ఈ రైలు చూపించే ఏర్పాటు చేశారు. ఈల బిగించి చూపిస్తానని పైడిరాజు గారు కూర్చున్నారు. చెయ్యి వణికి రెండుసార్లు పడింది. పిల్లలు నవ్వారు. సింహాచలం గారు చటుక్కున పట్టకారు లాక్కుని తానే పెట్టేశారు. జనం చప్పట్లు కొట్టారు. ఆ మర్నాడు పైడిరాజు గారు ఆ ఈల పీకేసి, ఎవరి వాటా వాళ్లది అని నాలుగు పెట్టెలు స్నేహితుడి ఇంటికి పంపించేశారు. మాటలు ఆగిపోయాయి. నంబర్ల కాగితం ఆ నాలుగింటితోనే వెళ్లిపోయింది.

నేను చేసింది కూడా అచ్చంగా అదే. ఆ మాటే పైకి అన్నాను.

"నీ తప్పేటి లేదమ్మా, నీకు తెల్దు కదా" అన్నారావిడ. "ఆయనకి సెయ్యి ఒణికితే బాధ లేదు. సేతిలోంది తీసుకుంటేనే బాధ."

సాయంత్రం ఆయన వచ్చారు. మర్యాదగా మాట్లాడారు. ఎండ గురించి, రాజమండ్రి వంతెన గురించి అడిగారు. పని బల్ల వైపు మాత్రం వెళ్లలేదు. నేను పెట్టిన ఈలని అప్పటికే పీకేసి, ఒక డబ్బా మూతలో వేసి ఉంచారు. రేపు ఊరు చూసి రమ్మని చెప్పారు.

నెహ్రూ నగర్

మర్నాడు పొద్దున్న పార్వతమ్మ గారు చద్దన్నం పెట్టారు. రాత్రి నీళ్లు పోసిన అన్నం, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. ఛత్తీస్‌గఢ్ వాళ్లు దీన్ని బోరే బాసీ అంటారట. తాను వచ్చిన కొత్తలో పక్కింటామె గొప్పగా ఇది రుచి చూడమని తెచ్చిపెడితే, మా ఊళ్లో పొలం వెళ్లేవాళ్లు తినేదేనని చెప్పలేక తిన్నానని చెప్పారు. తింటుండగానే సింహాచలం గారి ఇల్లు ఎక్కడని అడిగాను. ఆవిడ గోడ వైపు తిరిగి, నెహ్రూ నగర్‌లో ఇంటి గుర్తులన్నీ చెప్పారు.

దుర్గ్-రాయపూర్ రోడ్డు పక్కన మంచి ఇల్లు. తలుపు తీసింది ఆయన కూతురు రజని. తెలుగులో మొదలెట్టి, రెండో వాక్యానికి హిందీలోకి వెళ్లిపోయింది. నేను చరోదా నుంచి వచ్చానని చెప్పగానే మాట ఆపి, నన్ను లోపల కూర్చోబెట్టి తండ్రిని పిలిచింది. సింహాచలం గారు భారీ మనిషి, దళసరి కళ్లద్దాలు. నేనెవరో, ఎందుకు వచ్చానో చెప్పాను. ముందు రోజు నేను చేసిన పని కూడా దాచకుండా చెప్పాను.

ఆయన కళ్లు బీరువా వైపు వెళ్లాయి. రజని మంచినీళ్లు తెచ్చి, తండ్రి ఆ నాలుగు పెట్టెల డబ్బా రోజూ తీసి చూసి మళ్లీ బీరువాలో పెట్టేస్తారని హిందీలో నాతో చెప్పింది. ఆయన ఆమెను లోపలికి వెళ్లమన్నారు.

"పరువు కాపాడదామనే తీసుకున్నానమ్మా" అన్నారు చివరికి. "రెండుసార్లు పడిపోయింది. పిల్లగుంటలు నవ్వుతన్నారు. నాకు సూడ్డానికి కష్టమైపోయింది. నా కష్టం తీరింది, ఆడి కష్టం పెరిగింది. అది నాకు ఇంటికొచ్చాక తెలిసింది."

ఆ మాట ఆయనకి ఎందుకు చెప్పలేదని అడిగాను. ఫోన్ చేస్తే ఎత్తలేదని, రెండుసార్లు చరోదా దాకా వెళ్లి గేటు దగ్గర నుంచే తిరిగి వచ్చేశానని అన్నారు. బీరువా తీసి, రెండు అట్టల మధ్య భద్రంగా పెట్టిన నంబర్ల కాగితం నా చేతికిచ్చారు. తాను ఇచ్చానని చెప్పొద్దన్నారు. చెప్పకుండా ఉండలేనని, మిగతా నాలుగు పెట్టెలూ ఆయనే తెస్తే బాగుంటుందని, నా బండి రేపు సాయంత్రమేనని చెప్పాను. ఆయన నాతో గేటు దాకా వచ్చారు.

మినపప్పు సంచి

తిరిగి వెళ్లి, కాగితం పైడిరాజు గారి ముందు పెట్టి, ఎక్కడి నుంచి తెచ్చానో చెప్పాను. నిన్న చేసిన దానికి క్షమించమన్నాను. ఆయన అట్టలు విప్పి చూసి, "మడత పడకుండా ఉంచాడు" అన్నారు. ఎవరని పేరు ఎత్తలేదు.

అప్పుడు ధైర్యం చేసి ఇంకో మాట అన్నాను. మా ల్యాబులో పెద్దవాళ్లలో చేతులు వణికేవాళ్లు ఉన్నారు. పని మానరు. చెయ్యి గాల్లో ఉంచరు, అంతే. మణికట్టు కింద మెత్తగా ఏదైనా పెట్టుకుంటారు. ఉంగరపు వేలు అచ్చు అంచుకి ఆనించుకుని, మిగతా వేళ్లతో పని చేస్తారు. ఆ వేలు కదలకపోతే పట్టకారు కదలదు. నేనూ ల్యాబులో చేరిన మొదటి రోజు నుంచీ అలాగే చేస్తున్నాను, వణుకు లేకపోయినా. కావాలంటే చూపిస్తానన్నాను.

ఆయన ఆలోచించి, "సూపించు" అన్నారు.

పార్వతమ్మ గారు పాత తువ్వాలు కత్తిరించి, మినపప్పు పోసి, జానెడు సంచి కుట్టారు. ఆయన దాని మీద మణికట్టు ఆనించి, ఉంగరపు వేలు పెట్టె అంచుకి పెట్టి, ఖాళీ పట్టకారుతో గంటసేపు అలవాటు చేసుకున్నారు. నేను బల్లకి దూరంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ముందు నంబర్లు వేశారు. కాగితం పెట్టె పక్కకి ఆనించి, పైన మొద్దు పుల్లతో రుద్దితే అంకెలు పెట్టెకి దిగుతాయి. నాలుగు పెట్టెలకీ దిగాయి. తర్వాత ఈల ఎత్తారు. వణుకు పోలేదు, తగ్గింది. ఆరోసారో ఏడోసారో ఈల చిల్లులోకి వెళ్లింది. కాస్త పక్కకి వాలింది.

భూతద్దంలో చూసి, "ఎలగున్నాది?" అని నన్నడిగారు.

బాగుందన్నాను. ఆయన నా వైపు ఒకసారి చూసి, భూతద్దం పక్కన పెట్టేశారు. అబద్ధం చెప్పానని ఇద్దరికీ తెలుసు.

ఆఖరి రోజు

నేను సంచి సర్దుకుంటుండగా గేటు దగ్గర స్కూటరు ఆగింది. సింహాచలం గారు. చేతిలో మిఠాయి డబ్బా. లోపలికి రమ్మని పార్వతమ్మ గారే పిలిచారు. ఆయన బల్ల దగ్గరికొచ్చి డబ్బా మూత తీశారు. దూదిలో చుట్టిన నాలుగు పెట్టెలు ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి బల్ల మీది నాలుగింటి వెనక వరసగా పెట్టారు. పైడిరాజు గారు కుర్చీలోంచి లేవలేదు, వద్దనీ అనలేదు.

సింహాచలం గారు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ముఖం పెట్టెని కంటికి దగ్గరగా తెచ్చుకుని చూశారు.

"ఈల వంకరున్నాది" అన్నారు.

నేను పార్వతమ్మ గారి వైపు చూశాను. ఆవిడ నేల వైపు చూస్తున్నారు. పైడిరాజు గారు చెయ్యి చాచి పెట్టె తీసుకున్నారు. గోటితో ఈల పీకేశారు.

"తెలుసు. నిన్నట్నించీ సూస్తన్నాను" అన్నారు. లేచి కూలరు కట్టేసి, మినపప్పు సంచి ముందుకు లాక్కున్నారు.

సింహాచలం గారు పక్క కుర్చీలో కూర్చున్నారు. మొదటిసారి ఈల జారింది. ఆయన కుడి చెయ్యి బల్ల మీదికి లేచింది. లేచిన చేతిని తనే చూసుకుని, వెనక్కి తీసుకున్నారు. తర్వాత రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుండిపోయారు. రెండోసారి పడింది. మూడోసారి దిగింది గాని, "ఇంకా ఎడమకి" అన్నారు సింహాచలం గారు, కదలకుండా. పైడిరాజు గారు మళ్లీ పీకారు. గదిలో గాలి లేదు, అందరికీ చెమటలు పడుతున్నాయి. నాలుగోసారికి ఈల నిటారుగా నిలబడింది. పైడిరాజు గారు అగ్గిపుల్ల మొనతో జిగురు అద్ది, పెట్టెని స్నేహితుడి ముందుకు జరిపారు.

సింహాచలం గారు వంగి, అటు నుంచి ఇటు నుంచి చూశారు. "ఊఁ. ఇప్పుడున్నాది" అన్నారు.

పార్వతమ్మ గారు టీ తెచ్చారు. సింహాచలం గారు చేతులు తొడల కింద నుంచి తీశారు గాని, అంత బరువు కింద అంతసేపు ఉండేసరికి తిమ్మిరెక్కి వేళ్లు ముడుచుకోవడం లేదు. గ్లాసు పట్టుకోబోయి వదిలేశారు. చేతులు విదిలించుకుంటూ కూర్చున్నారు.

పైడిరాజు గారు ఆ గ్లాసు తీసి ఆయన ముందు, చెయ్యి తగిలి ఒలకనంత దూరంలో పెట్టారు.

"తొందరేటి లేదు" అన్నారు. "తగ్గాక తాగుదువు గాని."